‘మీకు 2 కి.మీ. దూరంలో’: ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎక్కడిదాకా పోతుంది?

#1 దిక్సూచి
అందరికీ నమస్కారం. దగ్గర్లో ఉన్న సభ్యులను దూరంతో సహా జాబితాగా చూపించే యాప్ గురించి ఈ చర్చ. పరిచయాల యాప్ అనుకోండి, డేటింగ్ యాప్ అనుకోండి, లోపలి యంత్రాంగం ఒకటే. దానితోపాటు దుకాణం దగ్గరికి రాగానే ఆఫర్ నోటిఫికేషన్ పంపే ఏర్పాటు కూడా ఉంటుంది. మూడు ప్రశ్నలు.

ఫోన్ ఇచ్చే అక్షాంశ రేఖాంశాలను ఎంతవరకు నమ్మొచ్చు? దూరాన్ని కిలోమీటరుకు రౌండ్ చేసి చూపిస్తే ఎవరి ఇల్లూ బయటపడకుండా ఉంటుందా? 50 మీటర్ల జియోఫెన్స్ (మ్యాప్ మీద గీసిన కనబడని కంచె, దాటితే ఫోన్‌కి తెలుస్తుంది) పెడితే నోటిఫికేషన్ ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోవడానికి కారణమేంటి?

#2 అక్షాంశం
మొదటిదానికి నేను చెప్తాను. అందరం జీపీఎస్ అనేస్తాం గానీ ఫోన్ ఇచ్చే చుక్క జీపీఎస్ ఒక్కదానిదే కాదు. ఉపగ్రహాలు, చుట్టూ వినబడే వైఫై రౌటర్లు, సెల్ టవర్లు, కదలికను పట్టే సెన్సర్లు, అన్నీ కలిపి వండిన చుక్క అది.

ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగు కనబడాలి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, వీటికితోడు ఫోన్ గడియారంలో ఉండే తేడా: తెలియనివి నాలుగు, కాబట్టి కొలతలూ నాలుగు. ఆకాశం బాగా కనబడే చోట మామూలు ఫోన్‌కి 5 మీటర్ల లోపు తేడాతో దొరుకుతుంది. ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది, దాంతో చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. 2018 నుంచి కొన్ని ఫోన్లలో వస్తున్న రెండు ఫ్రీక్వెన్సీల చిప్ (ఎల్1తోపాటు ఎల్5) ఈ గొడవను బాగా తగ్గించింది. పోలేదు, తగ్గింది.

ఇంట్లో, మాల్‌లో పనిచేసేది వైఫై. రౌటర్‌కి కనెక్ట్ అవ్వక్కర్లేదు, దాని హార్డ్‌వేర్ నంబర్ వినబడితే చాలు. ఆ నంబర్ ఎక్కడుంటుందో పెద్ద డేటాబేస్‌లో రాసి ఉంటుంది. అందుకే ఎవరైనా రౌటర్ తీసుకుని వేరే ఊరికి మారితే, డేటాబేస్ సర్దుకునేదాకా ఆ ఇంట్లో ఫోన్లు పాత ఊరినే చూపించొచ్చు. తమ రౌటర్ ఆ జాబితాలో ఉండకూడదనుకునేవాళ్లు నెట్‌వర్క్ పేరు చివర అండర్‌స్కోర్ పెట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో ‘నోమ్యాప్’ అని చేర్చాలి. టవర్ ఒక్కటే దిక్కైతే తేడా వందల మీటర్ల నుంచి కిలోమీటర్ల దాకా పోతుంది.

ఇక అసలు సంగతి. ప్రతి చుక్కతోపాటు యాక్యురసీ అని ఒక అంకె మీటర్లలో వస్తుంది. ఆండ్రాయిడ్‌లో దాని అర్థం, అంత వ్యాసార్ధం ఉన్న వలయంలో మనిషి ఉండే అవకాశం 68 శాతం అని. 20 మీటర్లు అని వచ్చిందంటే మూడింట ఒకసారి మనిషి ఆ 20 దాటి బయట ఉన్నట్టే. దీన్ని గట్టి హద్దుగా చదివేవాళ్లే ఎక్కువ.

#3 నిశాచరి
రెండో ప్రశ్న: రౌండ్ చేస్తే సరిపోతుందా? సరిపోదు. కొంచెం పొడుగ్గా చెప్పాలి, ఓపిక పట్టండి.

మొదటి తరం తప్పు చాలా మోటుది. స్క్రీన్ మీద రౌండ్ అంకె కనబడుతుంది, సర్వర్ పంపేది మాత్రం పూర్తి అంకె. టిండర్‌లో 2013లో ఇన్‌క్లూడ్ సెక్యూరిటీ అనే భద్రతా సంస్థ వాళ్లు పట్టుకున్నది ఇదే (బయటపెట్టింది 2014లో). తెర మీద పూర్తి మైళ్లు, ఏపీఐ (యాప్, సర్వర్ మాట్లాడుకునే దారి) జవాబులో దశాంశం తర్వాత బారెడు అంకెలు. మూడు చోట్ల నిలబడ్డట్టు సర్వర్‌ని నమ్మించి మూడు దూరాలు తీసుకుంటే మూడు వలయాలు, అవి కలిసే చోట మనిషి.

సర్వర్‌లోనే రౌండ్ చేశారనుకుందాం. ‘3 కి.మీ.’ అని మాత్రమే వస్తుంది. దొంగ అకౌంట్ తన లొకేషన్‌ను ఉత్తరానికి 50 మీటర్ల చొప్పున జరుపుకుంటూ పోతే ఒక చోట ఆ 3 కాస్తా 4 అవుతుంది. మామూలు రౌండింగ్ అయితే ఆ మారే బిందువు నుంచి అసలు దూరం 3.5 కి.మీ., తేడా 50 మీటర్లకు మించదు. ఇంకో రెండు దిక్కుల నుంచి అదే పని చేస్తే మళ్లీ మూడు వలయాలు. రౌండింగ్ దాచింది ఏమీ లేదు, దాడి చేసేవాడికి కొన్ని రిక్వెస్టులు ఎక్కువ పట్టాయంతే. 2021లో బంబుల్ అనే డేటింగ్ యాప్‌లో ఈ పద్ధతే పనిచేస్తుందని తేలింది. కంపెనీ సరిచేశాకే వివరాలు బయటికొచ్చాయి.

దూరం అసలు చూపించకపోతే? అప్పుడు ఫిల్టర్ ఉంటుంది. ‘5 కి.మీ. లోపల’ అని పెట్టి ఫలానా ప్రొఫైల్ జాబితాలో ఉందా లేదా అని అడగడం కూడా దూరం అడగడమే, అవును కాదు రూపంలో. 2024లో బెల్జియంలోని కేయూ లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 15 డేటింగ్ యాప్‌లు చూస్తే 6 యాప్‌లలో దాదాపు కచ్చితమైన లొకేషన్ రాబట్టే దారి దొరికింది. వాటిలో చాలావాటికి దారి ఈ ఫిల్టరే.

#4 దిక్సూచి
నిశాచరి గారూ, అయితే ప్రతిసారీ అసలు చుక్కకు యాదృచ్ఛికంగా అర కిలోమీటరు అటూ ఇటూ కలిపి, దాని మీద దూరం లెక్కిస్తే?

#5 నిశాచరి
అందరికీ మొదట తట్టే ఉపాయం ఇదే. పనిచేయదు. ప్రతి రిక్వెస్టుకూ కొత్త తేడా కలిపితే వందసార్లు అడిగి సగటు తీస్తే చాలు: 500 మీటర్ల తేడా 100 రిక్వెస్టులకు వర్గమూలం లెక్కన పదోవంతు, అంటే 50 మీటర్లకు దిగిపోతుంది. పోనీ ఒక్కో సభ్యుడికి శాశ్వతంగా ఒకే తేడా ఇస్తే, ఆ మనిషిని ఒక్కసారి తెలిసిన చోట చూసినవాడికి ఆ తేడా ఎంతో తెలిసిపోతుంది. ఇక ఆ తర్వాత ఎక్కడున్నా తీసివేతే.

చేయాల్సింది దూరాన్ని కాదు, చుక్కను మొద్దుబార్చడం. అదీ లెక్కకు ముందే. వరస ఇలా ఉండాలి:

– మ్యాప్‌ను గడులుగా కోసినట్టు ఊహించుకుని, ఫోన్ నుంచి చుక్క రాగానే అది పడిన గడి నడిబొడ్డుకు లాగేయండి. అక్షాంశ రేఖాంశాలను రెండు దశాంశాలకు తెస్తే గడి ఎత్తు సుమారు 1.1 కి.మీ. వస్తుంది.
– డేటాబేస్‌లో దాచేది ఆ గడినే. అసలు చుక్కను ఉంచకండి. ఉంటే ఏదో ఒక రోజు ఏదో ఒక ఏపీఐ దాన్ని బయటపెడుతుంది.
– దూరం, ఫిల్టర్, జాబితా వరస, మూడూ గడి నుంచి గడికే లెక్కించాలి. దూరాన్ని రౌండ్ చేసి, వరసను మాత్రం అసలు దూరంతో పేర్చే యాప్‌లు ఉన్నాయి. దాడి చేసేవాడు తనవే రెండు దొంగ అకౌంట్లను అటొకటి ఇటొకటి పెట్టి, మధ్యలో ఎవరు పడుతున్నారో చూస్తే చాలు.
– మనిషి గడి అంచున ఉంటే ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి నడిచినా గడి మారిపోతుంది. ఇటూ అటూ ఊగుతుంటే ఇల్లు అంచు మీదే ఉందని చెప్పినట్టే. అంచు దాటి ఇంకో 200 మీటర్లు పోయాకే గడి మార్చండి.

ఇంత చేశాక దాడి చేసేవాడు ఎన్ని వలయాలు గీసినా దొరికేది గడి కేంద్రమే. ఇల్లు కాదు.

#6 మ్యాపుపురుగు
పై పోస్టుకు ఒక తోక. రెండు దశాంశాలు అంటే అన్నిచోట్లా ఒకే సైజు గడి కాదు. అక్షాంశం ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కి.మీ., రేఖాంశం మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ కుంచించుకుపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర గడి వెడల్పు సగమే, 0.55 కి.మీ.

జియోహ్యాష్ (ఒక్కో గడిని కొన్ని అక్షరాల పేరుతో గుర్తించే పద్ధతి) వాడేవాళ్లకు: 5 అక్షరాలైతే దాదాపు 4.9 కి.మీ. చదరం, 6 అయితే 1.2 × 0.6 కి.మీ., 7 అయితే 150 మీటర్ల చదరం. ఎదురెదురు ఇళ్లు కూడా మొదటి అక్షరమే వేరైన హ్యాష్‌లలో పడొచ్చు. అందుకని మొదటి అక్షరాలు కలిసినవాళ్లను మాత్రమే వెతికితే గోడ అవతలివాడు కనబడడు. చుట్టూ ఉన్న 8 గడులనూ కలిపి వెతకాలి. ఉబర్ వాళ్లు వదిలిన హెచ్3 అనే గడుల పద్ధతిలో గడులు షడ్భుజాలు, పక్క గడుల కేంద్రాలన్నీ ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. ‘దగ్గర్లో’ అనే పనికి నాకైతే అదే నచ్చుతుంది.

ఇంకోటి, జనం పలచగా ఉన్నచోట ఒక కిలోమీటరు గడిలో ఒక్కటే ఇల్లుండొచ్చు. గడిలో ఇంతమంది కన్నా తక్కువుంటే పై సైజు గడికి పోవాలి అని నియమం పెట్టుకోండి. పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్ వేడి పటం (జనం తిరిగిన బాటలు వెలిగే మ్యాప్) 2018 జనవరిలో అల్లరైంది ఇందుకే. పేర్లు లేవు, అంతా కలగలిపిన డేటానే. కానీ ఎడారి మధ్యలో వెలిగే ఒకే ఒక్క పరుగు బాట సైనిక స్థావరం ఆకారాన్ని గీసి చూపించింది.

#7 చెకిన్_వీరుడు
ఇవన్నీ వింటుంటే పాత చెకిన్ కాలమే నయమనిపిస్తోంది. ఫోర్‌స్క్వేర్ అనే చెకిన్ యాప్ 2009లో వచ్చినప్పుడు మనిషి తనంతట తాను ‘ఇక్కడున్నా’ అని నొక్కితేనే తెలిసేది. అంతకుముందు అలాంటిదే అయిన డాడ్జ్‌బాల్‌లోనైతే ఎస్సెమ్మెస్ పంపాల్సి వచ్చేది. ఒక చోట అందరికన్నా ఎక్కువ చెకిన్లు చేసినవాళ్లకిచ్చే మేయర్ బిరుదు కోసం ఇంట్లో కూర్చుని చెకిన్లు కొట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లనుకోండి.

#8 నిశాచరి
నయమే గానీ పూర్తిగా కాదు వీరుడు గారూ. 2010లో ‘ప్లీజ్ రాబ్ మీ’ అనే సైట్ బహిరంగ చెకిన్లను వరసగా పేర్చి ‘ఈ ఇల్లు ఖాళీ’ అన్నట్టు చూపించింది. 2012లో ‘గర్ల్స్ అరౌండ్ మీ’ యాప్ చెకిన్లనూ ఫేస్‌బుక్ ప్రొఫైళ్లనూ కలిపి చుట్టుపక్కల అమ్మాయిలను మ్యాప్ మీద పెట్టింది. ఫోర్‌స్క్వేర్ దానికి ఏపీఐ ఆపేసింది. రెండింటిలోనూ దొంగిలించిన డేటా లేదు. విడివిడిగా అందరికీ కనబడేదే, కలిపేసరికి ఇంకో వస్తువైంది.

తేడా ఎక్కడొచ్చిందంటే, చెకిన్‌లో మనిషి చెప్తాడు. 2017లో వచ్చిన స్నాప్ మ్యాప్ (స్నేహితులను మ్యాప్ మీద చూపించే స్నాప్‌చాట్ ఏర్పాటు) లాంటివాటిలో యాప్ తెరవడమే చెప్పడం. అందుకే వీటిలో ‘ఘోస్ట్ మోడ్’ (మ్యాప్ మీద కనబడకుండా దాచేది) లాంటి మీట ఎక్కడుంది, మొదట్లో ఏ వైపు ఉంది అన్నదే డిజైన్ మొత్తం.

#9 మామూలు_వాడకందారు
కోడ్ రాయనివాళ్లకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్. ఫోన్‌లో ఏం మార్చుకోవాలి?

#10 అక్షాంశం
ఐఫోన్ అయితే సెట్టింగ్స్, ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్‌లోకి వెళ్లి యాప్ పేరు నొక్కండి. ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ పెట్టండి. దాని కిందే ‘ప్రిసైస్ లొకేషన్’ మీట ఉంటుంది (ఐఓఎస్ 14 నుంచి), ఆపేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి అయితే పర్మిషన్ అడిగే కిటికీలోనే ‘ప్రిసైస్’, ‘అప్రాక్సిమేట్’ అని రెండు బొమ్మలుంటాయి. రెండోది ఎంచుకుంటే యాప్‌కి సుమారు 3 చదరపు కి.మీ. ప్రాంతమే తెలుస్తుంది. డేటింగ్ యాప్‌కి, వాతావరణం యాప్‌కి ఇది చాలు. దారి చూపే యాప్‌కి, క్యాబ్ యాప్‌కి చాలదు.

పర్మిషన్ తీసేసినా ఐపీ అడ్రస్ బట్టి ఊరు దాకా తెలుస్తుంది, దానికి మీట లేదు. ఫొటోల సంగతి కూడా చూసుకోండి. కెమెరా యాప్‌లో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే ఫైల్‌లోనే అక్షాంశ రేఖాంశాలు కూర్చుంటాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అవి పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తాయి.

#11 కంచె
మూడో ప్రశ్నకు వద్దాం. 50 మీటర్ల జియోఫెన్స్ ఎందుకు తిక్కగా ఉంటుంది? ఎందుకంటే ఫోన్ ప్రతి క్షణం చూసుకోదు. ఆండ్రాయిడ్ 8 నుంచి వెనక నడిచే యాప్‌లకు జియోఫెన్స్ సంగతి సగటున రెండు నిమిషాలకోసారే అందుతుంది. ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే ఇంకా ఆలస్యం. గంటకు 40 కి.మీ. వేగంతో పోయేవాడు 100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయాన్ని 18 సెకన్లలో దాటేస్తాడు. రెండు నిమిషాలకోసారి తలెత్తి చూసేవాడికి ఆయన వచ్చిందీ తెలియదు, వెళ్లిందీ తెలియదు.

దానికితోడు #2లో చెప్పిన 68 శాతం. యాక్యురసీ 40 ఉన్న చుక్కతో 50 మీటర్ల వలయంలో ఉన్నాడా లేడా అని తేల్చడం బొమ్మా బొరుసే. గూగుల్ డాక్యుమెంటేషన్ చెప్పేది కనీసం 100–150 మీటర్లు పెట్టమని. వైఫై ఆపేసిన ఫోన్‌లో అదీ చాలకపోవచ్చు.

పనికొచ్చే అమరిక: వ్యాసార్ధం 150 మీటర్లు. ‘ఎంటర్’ (లోపలికి రాగానే) బదులు ‘డ్వెల్’ (లోపల కాసేపు ఆగితేనే) ట్రిగ్గర్, ఆగే సమయం 5 నిమిషాలు, అంటే కోడ్‌లో 3,00,000 మిల్లీసెకన్లు. దీంతో రోడ్డున పోయేవాళ్లు రాలిపోతారు, లోపలికొచ్చినవాళ్లు మిగులుతారు. ఒక్కో దుకాణానికి ఒక్కో మనిషికి రోజుకు ఒకటి, మొత్తం మీద వారానికి రెండు అని పైకప్పు వేయండి. అంతకు మించితే ఆఫర్ చదవరు, పర్మిషనే పీకేస్తారు.

సంఖ్య పరిమితి కూడా ఉంది: ఐఫోన్‌లో యాప్‌కి 20 వలయాలు, ఆండ్రాయిడ్‌లో 100. దుకాణాలు 500 ఉంటే? దగ్గరి 19 మాత్రమే నమోదు చేసి, 20వదిగా వాటన్నింటినీ చుట్టే పెద్ద వలయం పెట్టండి. మనిషి ఆ పెద్ద వలయం దాటి బయటికి వెళ్లినప్పుడు మేల్కొని కొత్త 19 ఎంచుకోవాలి.

#12 దిక్సూచి
కంచె గారూ, వలయాలన్నీ సరిగానే నమోదైనా కొన్నాళ్లకు కొన్ని ఫోన్లలో మొత్తానికి ఆగిపోతే ఏం చూడాలి?

#13 కంచె
ఆండ్రాయిడే కదా? ఫోన్ రీబూట్ అయితే నమోదైన వలయాలన్నీ పోతాయి. బూట్ అయ్యాక మళ్లీ నమోదు చేసే రిసీవర్ (బూట్ కాగానే మేల్కొనే కోడ్ ముక్క) రాయాలి. యాప్ డేటా తుడిచినా, గూగుల్ ప్లే సర్వీసెస్ డేటా తుడిచినా అంతే. ‘జియోఫెన్స్ నాట్ అవైలబుల్’ ఎర్రర్ వచ్చాక కూడా తిరిగి నమోదు చేయాలి, వాడకందారు లొకేషన్ ఆపేసినప్పుడు వచ్చేది అదే. ఇవన్నీ చేసినా ఆగిందంటే ఆ ఫోన్ కంపెనీ బ్యాటరీ పొదుపు పేరుతో యాప్ పీక నొక్కుతోందని అర్థం. దానికి సెట్టింగ్స్‌లో మినహాయింపు అడగడం తప్ప దారి లేదు.

#14 గంటగోపురం
అంత అవస్థ ఎందుకు, దుకాణంలో బ్లూటూత్ బీకన్ (తన గుర్తింపు నంబర్‌ను చుట్టూ పంపుతూ ఉండే చిన్న పరికరం) పెడితే పోలేదా?

#15 కంచె
పెట్టొచ్చు, దాని తంటాలు దానికున్నాయి. ఆపిల్ 2013లో తెచ్చిన ఐబీకన్ చెప్పేది మూడే ముక్కలు: సంస్థకో 16 బైట్ల గుర్తు, శాఖకో మేజర్ నంబర్, అల్మరాకో మైనర్ నంబర్. వాటితోపాటు ఒక మీటరు దూరంలో సిగ్నల్ బలం ఎంతుండాలో. ఆ బలం తగ్గుదలను బట్టి ఫోన్ దూరం ఊహిస్తుంది. మనిషి ఒళ్లు నీళ్ల తిత్తి, 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మింగేస్తుంది. ఫోన్ ముందు జేబులోంచి వెనక జేబుకు మారితే దూరం రెట్టింపైనట్టు కనబడొచ్చు. అల్మరా దగ్గరా, గది అవతలా అనే తేడా వరకే నమ్మండి, మీటర్ల లెక్క కట్టొద్దు.

ఆ నంబర్లకు తాళం లేదు, పక్కన నిలబడి ఎవరైనా చదివి నకలు చేయొచ్చు. బీకన్ వినబడింది కదాని కూపన్ ఇచ్చేస్తే ఇంట్లో కూర్చునే తీసుకుంటారు. గూగుల్ ఆండ్రాయిడ్‌లో యాప్ లేకుండానే బీకన్ నోటిఫికేషన్లు వచ్చే ఏర్పాటు పెట్టి, పనికిరాని ప్రకటనల బెడదతో 2018 డిసెంబర్‌లో ఎత్తేసింది. కాబట్టి యాప్ ఉండాలి, బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, పర్మిషన్ ఉండాలి.

#16 పద్దుపుస్తకం
సొంత యాప్ లేని దుకాణాలు ప్రకటనల వేలం ద్వారా కొనే లొకేషన్ గురించి ఎవరూ చెప్పలేదు. మార్కెటింగ్‌లో డబ్బు పోయే చోట్లలో అదొకటి.

యాప్‌లో ప్రకటన ఖాళీ రాగానే ఒక బిడ్ రిక్వెస్ట్ (ఆ ఖాళీకి ధర చెప్పమని కొనేవాళ్లకు పంపే సందేశం) బయల్దేరుతుంది. ఓపెన్‌ఆర్‌టీబీ అనే వేలం పద్ధతిలో అందులో ఫోన్ ప్రకటన ఐడీ (ప్రకటనల కోసం ఫోన్‌కిచ్చే గుర్తు), అక్షాంశం, రేఖాంశం, వాటి పక్కన ‘టైప్’ అని ఒక అంకె ఉంటాయి. అందరూ అక్షాంశం చూస్తారు, టైప్ చూడరు. 1 అంటే ఫోన్ లొకేషన్ సర్వీస్ నుంచి వచ్చింది. 2 అంటే ఐపీ అడ్రస్ నుంచి ఊహించింది. 3 అంటే వాడకందారు ఇచ్చింది. టైప్ 2కి కూడా ఆరు దశాంశాలుంటాయి, చూడ్డానికి అరచేయంత చోటులా ఉంటుంది. నిజానికి అది ఊరికో రాష్ట్రానికో నడిబొడ్డు. ఐపీ పట్టికలు నిర్వహించే మ్యాక్స్‌మైండ్, అమెరికాలో ఎక్కడో తెలియని ఐపీలన్నిటికీ దేశం మధ్య బిందువు ఇచ్చేది. 60 కోట్లకు పైగా అడ్రస్‌లు క్యాన్సస్‌లోని ఒక పొలం మీద పడి, ఆ ఇంటివాళ్లకు ఏళ్ల తరబడి పోలీసులు, తగాదాలు. 2016లో గానీ కారణం బయటపడలేదు.

డేటా చేతికి రాగానే: టైప్ 1 మాత్రమే ఉంచండి. ఒకే అక్షాంశ రేఖాంశాల మీద చివరి అంకె దాకా అచ్చుగుద్దినట్టు వందల ఫోన్లుంటే కొట్టేయండి, అది నడిబొడ్డే. నాలుగు దశాంశాల కన్నా తక్కువుంటే దుకాణం స్థాయికి పనికిరాదు (నాలుగో దశాంశం 11 మీటర్లు). ఐడీ అంతా సున్నాలైతే తీసేయండి. ట్రాకింగ్ వద్దన్నవాళ్లందరికీ అదే సున్నాల ఐడీ. తీయకపోతే మీ రిపోర్టులో ఒకే మహానుభావుడు రోజుకు లక్ష దుకాణాలు తిరుగుతుంటాడు.

#17 గంటగోపురం
2021లో ఐఓఎస్ 14.5 వచ్చాక ఐఫోన్‌లో అడక్కుండా ఐడీ తీసుకోవడమే కుదరదు కదా. ఇంకా ఈ వేలం డేటా మీద దుకాణానికి ఎంతమంది వచ్చారో లెక్క కట్టడం అర్థముందా?

#18 పద్దుపుస్తకం
అర్థం ఉండాలంటే పోల్చుకునే గుంపు ఉండాలి. దుకాణానికి 500 మీటర్ల లోపలున్నవాళ్లకే ప్రకటన చూపించి, వాళ్లలో ఇంతమంది వచ్చారు అని రిపోర్ట్ ఇస్తారు. ఆ దగ్గర్లో ఉన్నవాళ్లు ఎలాగూ వచ్చేవాళ్లే! అదే వలయంలో పదోవంతు మందికి కావాలనే ప్రకటన చూపకుండా వదిలేయండి. రెండు గుంపుల రాక శాతంలో తేడాయే మీ ప్రకటన పని. ఏజెన్సీ ఈ వదిలేసిన గుంపు లెక్క ఇవ్వనంటే మిగతా అంకెలన్నీ అలంకారాలే. పైగా బహుళ అంతస్తుల్లో పై అంతస్తు దుకాణమా కింద దుకాణమా అన్నది ఈ డేటాలో తేలదు.

గూగుల్ యాడ్స్‌లో ప్రకటన పెట్టేవాళ్లు ఒకటి గమనించండి: లొకేషన్ ఎంపిక మొదట్లో ‘ఉన్నవాళ్లు లేదా ఆసక్తి ఉన్నవాళ్లు’ మీద ఉంటుంది. ఆ ఊరి పేరు వెతికిన దూరదేశం మనిషికీ మీ డబ్బుతో ప్రకటన కనబడుతుంది. ‘ఉన్నవాళ్లు’కి మార్చండి.

#19 మామూలు_వాడకందారు
పేరు లేదు, ఐడీ మాత్రమే, కాబట్టి భయం లేదు అంటారు కదా ఈ కంపెనీలు?

#20 నిశాచరి
రాత్రి రెండింటికి ఏ ఇంట్లో ఉంది, పగలు పదకొండింటికి ఏ ఆఫీసులో ఉంది అన్నవి చాలు ఆ ఐడీకి పేరు పెట్టడానికి. 2013లో వచ్చిన ఒక అధ్యయనం 15 లక్షల మంది మొబైల్ రికార్డులు తీసుకుంది. గంట కచ్చితత్వం, టవర్ కచ్చితత్వం మాత్రమే ఉన్నా నాలుగు చోట్లు తెలిస్తే 95 శాతం మందిని మిగతా గుంపులోంచి వేరు చేయొచ్చని తేలింది. మీటర్ల డేటా కూడా కాదది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్‌మోడ్ అనే డేటా వ్యాపారిని ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల లాంటి సున్నితమైన చోట్ల లొకేషన్ అమ్మకుండా ఆపింది కూడా పేర్లు లేని డేటా మీదే.

దిక్సూచి గారూ, మీ యాప్‌కి దీంతో నేరుగా సంబంధం ఉంది. ప్రకటనల ఎస్‌డీకే (బయటి కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్) ఒకటి చేర్చారనుకోండి, యాప్‌కి ఇచ్చిన లొకేషన్ పర్మిషన్ దానికీ అందుతుంది. మీరు సర్వర్‌లో ఎంత శ్రద్ధగా గడి కట్టినా, అసలు చుక్క ఆ ఎస్‌డీకే నుంచి పక్క దారిన వెళ్లిపోతుంది. డేటింగ్ యాప్ అయితే ‘ఈ యాప్ వాడుతున్నారు’ అనే ముక్క కూడా దాంతోపాటే వెళ్తుంది.

#21 దిక్సూచి
అయితే ఫోన్‌లోనే అప్రాక్సిమేట్ పర్మిషన్ మాత్రమే అడిగితే సభ్యుల జాబితాకు సరిపోతుంది, ఎస్‌డీకేకి దొరికేదీ అంతే. కానీ ఆఫర్ల జియోఫెన్స్‌కి ప్రిసైస్ కావాలి, అది కూడా వెనక నడిచేటప్పుడు. ఒకే యాప్‌లో రెండూ ఎలా?

#22 కంచె
ఒకే యాప్‌లో పెట్టకండి. సభ్యుల జాబితా ఉన్న యాప్ అప్రాక్సిమేట్‌తో నడవనివ్వండి. ఆఫర్లు వేరే యాప్, వేరే పర్మిషన్, ప్రకటనల ఎస్‌డీకే లేకుండా. వలయాల లెక్క అంతా ఫోన్ లోపలే జరుగుతుంది కాబట్టి సర్వర్‌కి ‘ఫలానా దుకాణం ఆఫర్ తెరిచారు’ అన్నది తప్ప చుక్క పంపాల్సిన పనే లేదు. రెండు యాప్‌లకూ ఒకే లాగిన్ మాత్రం ఇవ్వొద్దు.